గూగుల్లో ఆట, కిటికీలో దస్తీ

నా ఫోన్‌లో కొత్త యాప్ పెట్టుకునేంత జాగా ఎన్నడూ లేదు. చుట్టాలు పొద్దున్నే పంపే గులాబీలు, దేవుళ్లు, శుభోదయాలు అందులో కాపురం పెట్టేశాయి. అందుకే నేను బ్రౌజర్‌లో ఆడుతాను. పేజీ తెరిస్తే ఆట, మూస్తే ఏమీ లేదు. పైనుంచి రంగురంగుల దిమ్మెలు పడుతుంటాయి, సందు లేకుండా పేరిస్తే వరుస మాయమవుతుంది. హనుమకొండ నుంచి పరకాల బడికి రోజూ బస్సులో పోయి వచ్చే టీచరమ్మకు ఇంతకు మించిన మోక్షం అక్కర్లేదు.

నా మోక్షానికి అడ్డు మా హెడ్మాస్టరు, పెద్దసారు. లెక్కలు చెబుతాడు, రోజూ నాతో పాటే ఆ బస్సెక్కుతాడు. ప్రార్థన అయ్యాక పిల్లలకు ఫోన్ మీద ఉపన్యాసం తప్పదు: కళ్లు పోతాయి, మెదడు పోతుంది, చివరికి బతుకే పోతుంది. అలాంటి మనిషి ఒకనాడు బస్సులో నా పక్కన కూర్చుని, కాసేపు ముఖం చిట్లించి, తర్వాత మెడ చాచి, ఆఖరికి నోరు విప్పాడు.

"మేడమ్, ఆ పొడుగుదాన్ని ఎడమకు జరుపుండ్రి. జర తొందర్గ!"

కొద్ది రోజులకే ఆయన ఫోన్‌లోనూ దిమ్మెలు పడసాగాయి. నేను నవ్వితే గంభీరంగా చెప్పాడు.

"ఇది గేమ్ గాదు మేడమ్. గేమైతే ఫోన్ల ఉంటది. ఇది గూగుల్ల ఉన్నది."

లెక్కల మాస్టారి తర్కం, కాదనడానికి నేనెవరిని? పైగా ఆయన వల్ల నాకొక ఉపకారం ఉండేది. ఆడవాళ్లకు పైసా లేకుండా పోయే జీరో టికెట్ వచ్చినప్పటి నుంచి బస్సుల్లో సీటు దొరకడం గగనం. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, విసిరితే ఆ సీటు మనది. దస్తీ పడిన సీటులో కూర్చునే ధైర్యం మా దగ్గర ఎవరికీ లేదు. పెద్దసారు పొడుగు మనిషి, ఆయన దస్తీ తువ్వాలంత. ఇద్దరికీ సరిపోయేది.

పత్తి ఏరే రోజుల్లో ఆయన తొమ్మిదో తరగతి అమ్మాయి సంచిలో ఫోన్ పట్టుకున్నాడు. ఆ ఇంటికి అదొక్కటే ఫోన్. సాయంత్రం తండ్రి పరుగెత్తుకొచ్చాడు. కూలీలను పిలవాలంటే అదే దిక్కని, మొగులు పట్టిందని, వాన పడితే పత్తంతా చేన్లోనే నల్లబడుతుందని బతిమాలాడు.

"రేపు పొద్దున రా. బిడ్డతోని కలిసి నిలబడు. అప్పుడిస్త," అని సారు ఆ ఫోన్‌ను తన బ్యాగులో వేసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు బస్టాండులో సారు పెద్ద రికార్డు అంచున ఉన్నాడు. కళ్లు ఫోన్‌లోంచి తీయకుండానే, వచ్చిన బస్సు కిటికీలోకి దస్తీ విసిరాడు. దస్తీ ఎక్కడుంటే మా సీటు అక్కడ కాబట్టి, నేనూ నా దిమ్మెలు పేర్చుకుంటూ వెనకే ఎక్కాను. కండక్టరమ్మ జనంలోంచి ఈదుకుంటూ మా దగ్గరికొచ్చేసరికి బస్సు మామునూరు దాటింది.

"రెండు పరకాల. ఒకటి జీరో," అన్నాడు సారు, తలెత్తకుండా.

"పరకాలనా? ఇది తొర్రూరు బస్సు సారూ! ఇద్దరు సదువుకున్నోళ్ల లెక్కనే ఉన్నరు, బోర్డు సూడలేదా?"

బస్సంతా నవ్వింది. సారు ముందు ఆ వరుస పూర్తి చేసి, తర్వాత కంగారుపడ్డాడు.

దిగి, బస్సులు మారి, బడికి చేరేసరికి పిల్లలు మధ్యాహ్న భోజనానికి కూర్చున్నారు. రైతు మాత్రం బిడ్డ పక్కన వరండాలో నిలబడే ఉన్నాడు. ఆకాశం నల్లగా ఉంది.

"తొవ్వల ఏమన్న అయ్యిందా సారూ? మస్తు ఫికరైంది," అన్నాడు.

"బస్సు ఖరాబైంది," అన్నాడు సారు, కళ్లార్పకుండా. తర్వాత ఆ ఫోన్ తీసి, ఇవ్వకుండా చేతిలోనే ఊపుతూ మొదలుపెట్టాడు. "నీ బిడ్డ ఆటలకు మరిగింది."

"అండ్ల ఆటలు లెవ్వు సారూ. నేను సూశిన."

"ఆటలు ఫోన్ల ఎందుకుంటయి? గూగుల్ల ఉంటయి!"

"మీకు తెల్సినట్టు మాకేం తెలుస్తది సారూ," అని రైతు చేతులు జోడించాడు. అందులో వెటకారం లేదు, పాపం నిజంగానే అన్నాడు. అమ్మాయి మాత్రం తలెత్తి సారును సూటిగా చూసింది.

దూరంగా ఉరిమింది. నేనిక ఆగలేకపోయాను.

"బస్సు ఖరాబు కాలె అన్నా. సారు, నేను ఇద్దరం గూగుల్ల ఆడుకుంట తొర్రూరు బస్సెక్కినం. ఆ ఫోన్ ఇయ్యుండ్రి సార్, కూలోళ్లను పిలుసుకోనీ."

సారు ఇచ్చాడు. రైతు గేటు దాటకముందే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

మర్నాడు పెద్దసారు ఆ తువ్వాలంత దస్తీని మడతపెట్టి ఒక్క సీటుకే వేశాడు. నేను పరకాల దాకా కడ్డీ పట్టుకుని నిలబడే పోయాను.