అన్నదుర్ది తిండి

అన్నదుర్ది రోజుకు ఎనిమిదిసార్లు తింటాడు, ప్రతిసారీ గుప్పెడే. తొమ్మిదేళ్ల క్రితం క్యాన్సర్ సోకిన అన్నవాహికను కోసేసి, డాక్టర్లు అతని జీర్ణాశయాన్నే పైకి లాగి గొంతు కింద కుట్టారు. తిన్నాక నడుం వాల్చడానికి వీల్లేదు. దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. గొర్రెల సంతలో తోటి తుర్క్‌మెన్ కాపరులు "ఏం బావా, పిట్ట తిండి అయిందా?" అని ఆటపట్టిస్తే నవ్వేస్తాడు. వేళకు గిన్నె అందించేది భార్య ఓగుల్‌బిబి.

ఈ వసంతంలో ఒకరోజు ఆమె రొట్టెను టీలో నానబెట్టి, అయినా మింగలేక అవస్థపడటం చూశాడు. అదేమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. క్యాన్సర్ అప్పటికే కాలేయానికి పాకిందనీ, ఇక కోసి లాభం లేదనీ చెప్పారు. "నన్ను బతికించారు కదయ్యా, ఈవిడకీ కొయ్యండి," అంటూ అన్నదుర్ది డాక్టరు చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చాక గిన్నె ముట్టలేదు. మింగలేని మనిషి ఎదుట తినడమెలా? ఓగుల్‌బిబి చెంచా తీసుకుంది. "నోరు తెరువయ్యా. తొమ్మిదేళ్లు ఇంతింత పెట్టి నిలబెట్టుకున్నాను. ఇప్పుడు కడుపు మాడ్చుకుని నాకంటే ముందు పోతావా?" అంది. అతను నోరు తెరిచాడు. అతను మింగిన ప్రతిసారీ, ఆమెకు తెలియకుండానే ఆమె గొంతు కూడా కదిలింది.