దర్జీ అక్క గడ్డ

అయినా మీరే చెప్పండి, రొమ్ములో గడ్డ ఉందనగానే మనిషి పోయినట్టేనా? మా దర్జీ అక్కకు పరీక్ష ఫలితం రాకముందే, కుట్టమని ఇచ్చిన గుడ్డలన్నీ జనం సిగ్గులేకుండా వెనక్కి పట్టుకుపోయారు. అందరికంటే ముందు వచ్చింది సొంత వదినే.

"నీకెందుకమ్మా శ్రమ, పడుకో," అంటూ తన కోటు గుడ్డ సంచిలో కుక్కుకుంది.

ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరమ్మ, "ఇది క్యాన్సర్ కాదు. నరం మీద ఉండే పొరలో పెరిగిన గడ్డ. చూడ్డానికి రొమ్ము గడ్డలాగే ఉంటుంది. తీసేస్తే సరి, ప్రాణానికేం భయం లేదు," అంది.

ఆ కబురు విన్న మర్నాడే వదిన అదే సంచితో ఊడిపడింది.

"నాకు ముందే తెలుసే, నీకేం కాదని! కోటు శనివారానికిచ్చెయ్."

"తెలిసే పట్టుకెళ్లావా వదినా?" అని అక్క నవ్వి, గుండీలు తెచ్చి కుడతానంది.

మూడు నెలలైంది. గుండీల కొట్టు పక్క వీధిలోనే ఉంది. అక్క ఇంకా వెళ్లలేదు.