ఈగలు కట్టే పిన్ని

బేరాల్లేని షాపులో ఎవరైనా ఈగలు తోలుకుంటారు. మా పిన్ని తన టైలరు షాపులో ఈగలు కడుతుంది. చిన్న గాలం ముల్లుకి కత్తిరింపుల్లో మిగిలిన దారం చుట్టి, దిండులోంచి లాగిన ఈక ముక్క బిగించి, చొక్కాకి కాజా కుట్టినంత శ్రద్ధగా ఈగని తయారు చేస్తుంది. ఎర అక్కర్లేదు, వానపాము అక్కర్లేదు. బరువైన పొడవాటి దారాన్ని గాలిలో ముందుకీ వెనక్కీ ఊపి ఆ ఈగని నీటి మీద వాలనిస్తే, నిజం ఈగే అనుకుని చేప పైకొస్తుంది. కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన నేర్పిన విద్య అది. ఆయన పోయాడు, గాలం కర్ర ఈమెకి మిగిలింది. వీధిలో అందరూ ఈగలమ్మ అంటారు కానీ ఎదురుగా అనరు. పిన్ని నోటి సంగతి వాళ్ళకి తెలుసు.

కొలతలివ్వడానికొచ్చి బొజ్జ లోపలికి లాక్కునే పెద్దమనుషుల్ని కూడా ఆమె వదలదు. "వదలండి బాబూ, ఈ చొక్కా వేసుకుని మీరు ఊపిరి తీసుకోరా?" అంటుంది. మెత్తదనమంతా చేపలకే దాచింది. ముల్లు కొసన వెనక్కి తిరిగి ఉండే మొనని షాపులోని పట్టకారుతో ముందే నొక్కేస్తుంది, నోరు చీరకుండా. చేపని నీళ్ళలోంచి పైకి తియ్యకుండానే విడిపించి వదిలేస్తుంది.

"వదిలేసేదానికి పట్టడమెందుకక్కా?" అని మా చిన్న మామయ్య వేళాకోళమాడేవాడు. ఆయన ఎలక్ట్రీషియన్. అమ్మమ్మ పోయేనాటికి చంటిపిల్లాడు. పిన్నే చంకనేసుకుని పెంచింది. నెత్తికెక్కించుకుందని మా అమ్మ అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఇప్పటికీ ఆయనకి చొక్కా కుట్టేది పిన్నే, బొత్తాం ఊడితే పరిగెత్తుకొచ్చేదీ ఆమె దగ్గరికే.

ఈసారి ఎండలు ముదిరేసరికి వాగు ఎండిపోయి వంతెన కింద ఒక్క మడుగు మిగిలింది. వాగులోని చేపలన్నీ అందులోకే చేరాయి. వానలొచ్చి వాగు మళ్ళీ పారితే గుడ్లు పెట్టాల్సినవి అవే. అవి కూడా పోతే ఉత్త నీళ్ళే పారతాయి.

ఆ రోజు మధ్యాహ్నం షాపు మూసి పిన్నీ నేనూ వెళ్ళాం. "నీళ్ళు కాగిపోతున్నాయే, ఒకటి పడితే చాలు, వాటిని అలిసిపోనివ్వకూడదు" అంటూ పిన్ని నడుం లోతుకి దిగింది. వంతెన నీడలోకి ఈగని వాలనిచ్చింది. ఇంకా ఏదీ పైకి రాకముందే మామయ్య స్కూటరు వచ్చి ఆగింది. ముందు బ్యాటరీ, ఇన్వర్టరు, వాటికి తగిలించిన రెండు ఇనప కడ్డీలు. నాకు అక్కడే ఒళ్ళు మండింది.

"అదేంట్రా?" అంది పిన్ని.

"రాత్రికి మా కాంట్రాక్టరు భోజనానికొస్తున్నాడక్కా. చేపలు పెడతానని మాటిచ్చా. నువ్వు కాస్త గట్టెక్కు, ఇట్టే అయిపోతుంది."

"నీకు కావాల్సింది నాలుగు చేపలు. నీళ్ళలో కరెంటు పెడితే చిన్నా పెద్దా అన్నీ చచ్చి తేలిపోతాయి."

"ఎలాగూ ఎండకి చచ్చేవేగా."

"మార్కెట్లో కొనుక్కో మామయ్యా" అన్నాను. నన్ను నోరు మూసుకోమన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. కాంట్రాక్టరు ముందు గొప్ప కోసం వాగు గొడ్డుబోవాలి.

పిన్ని అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మళ్ళీ గాలం ఊపింది.

"అక్కా, స్విచ్చి నా చేతిలో ఉంది."

"వెయ్యి."

వెయ్యలేడు. ఆమె నీళ్ళలో ఉంది. కడ్డీలూ స్విచ్చీ గట్టు మీదే పడేసి, తిట్టుకుంటూ ప్యాంటుతోనే దిగి పిన్ని జబ్బ పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ పెనుగులాటలో గాలం కర్ర ఆయన కాలి కింద పడి విరిగింది. ఆయన కనీసం వంగి చూడలేదు. అక్కని గట్టు మీదికి నెట్టి, ఊపిరి తీసుకోవడానికి తొడ లోతు నీళ్ళలో ఆగాడు.

పిన్ని పైకొస్తూనే రెండు కడ్డీలూ అందుకుంది. వాటి కొసల్ని నీటికి జానెడు ఎత్తున పట్టుకుంది.

"స్విచ్చి ఎక్కడుందిరా?" అని అడిగింది, సూది ఎక్కడ పెట్టావే అని నన్ను అడిగినట్టు.

మామయ్య ముఖంలో నెత్తురు లేదు. "వద్దక్కా, వద్దు" అంటూ బురదలో జారి, మోకాళ్ళ మీద పాకుతూ గట్టెక్కాడు.

"నీకు ఎక్కడానికి గట్టుంది" అంది పిన్ని. "వాటికి లేదు."

ఆయన వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు కడుపు నిండిపోయింది. "భలే బెదరగొట్టావు పిన్నీ" అని నవ్వాను.

పిన్ని నవ్వలేదు. విరిగిన కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను వేస్తాననుకున్నాడే వాడు" అంది. "నిజంగానే అనుకున్నాడు. నా చేతులతో పెంచినవాణ్ణి."

"ఉత్తుత్తి బెదిరింపేనని రేపు మామయ్యతో నేను చెప్తాలే."

"చెప్పకు" అంది, మడుగు వైపు చూస్తూ. "వానలు పడేదాకా అలాగే అనుకోనీ."