బాబా తుపాకీ, నా దసరా

కొయ్యనన్నాను. ఆ మాట అన్నందుకు మళ్ళీ సైటుకు పోయి ఎండలో ప్లైవుడ్ మోశాను. అయినా సరే, ఇవాళ అడిగినా అదే చెప్తాను.

అప్పుడు దోహా అంతా తవ్విపోసి ఉండేది. ప్రపంచకప్పు వస్తోందని, నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. మేముండే బర్వా అల్ బరాహా క్యాంప్ నుంచి కంపెనీ బస్సు పొద్దున్నే బయల్దేరి, చుట్లన్నీ తిరిగి ముఐథర్ చేరేసరికి సగంమంది ఇంకో నిద్ర తీసేవాళ్ళు. ముఐథర్‌లో ఒక పెద్ద ఇంట్లో నా డ్యూటీ. తలుపులు బిగించాలి, మగవాళ్ళూ అతిథులూ కూర్చునే మజ్లిస్‌లో గోడలకు చెక్క తొడగాలి. ఆటలు చూడటానికి బయటి దేశాల నుంచి దోస్తులు వస్తారని ఆ ఇంటి పెద్దకొడుకు ఇల్లంతా కొత్తది చేయిస్తున్నాడు. పాతదేదైనా ఆయన కళ్ళకు అడ్డమే.

నేను జగిత్యాల వైపు వడ్లోణ్ణి. తాత, నాయన, నేను, అందరం చెక్కనే నమ్ముకున్నవాళ్ళం. ఖతర్ వచ్చాక చెక్క అని నా చేతిలో పెట్టింది మాత్రం పొట్టును జిగురుతో అదిమిన పలకలు. వాటికి నారా ఉండదు, వాసనా ఉండదు. ఏళ్ళ తరబడి అవే కోశాను. పొట్ట కోసం కోశాను, అందులో సిగ్గుపడేదేమీ లేదు. కానీ ప్రేమగా కోశానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఆ పెద్దకొడుకు తండ్రిని మేమంతా బాబా అనేవాళ్ళం. కుర్రతనంలో బొంబాయికి పడవల మీద తిరిగిన మనిషి. ఆయనది బొంబాయి హిందీ, నాది మా ఊరి ఉర్దూ, మధ్యలో అరబ్బీ ముక్కలు. అలాగే మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు ఆయన బీరువా తాళం తీసి ఒక తుపాకీ తెచ్చాడు. బోల్టు బయటికి లాగి, లోపల గుండు లేదని నాకు చూపించి, అప్పుడు నా బల్ల మీద పెట్టాడు.

యూరప్‌లో పాతకాలంలో వేట కోసం చేసిన రైఫిల్ అది. చమురు పనికి వచ్చిన ఒక తెల్ల ఇంజనీరు దగ్గర బాబా వయసులో ఉన్నప్పుడు కొన్నాడట. మామూలు తుపాకీకి చెక్క సగం దాకా వచ్చి ఆగిపోతుంది, ముందు ఇనుప గొట్టం బయటికి కనబడుతుంది. దీనికి చెక్క మూతి దాకా ఉంది, చివర చిన్న ఇనుప టోపీ. బోల్టు పిడి వెన్న రాసే కత్తిలా చదునుగా కిందికి వంగి ఉంది. ట్రిగ్గర్లు రెండు. వెనకది నొక్కితే ముందుది వేలు తగిలితే చాలన్నంత తేలికవుతుంది. ఇక చెక్క అక్రోటు. చేత్తో నిమిరితే నార కదిలినట్టుంది. మా ఊళ్ళో తుపాకీ అంటే దొర గోడ మీద ఉండేది, దాన్ని మా తాత వాకిట్లోంచే చూశాడు. నేను బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను.

దాని రోగం ఏమిటంటే, నిలకడ లేదు. ఇప్పుడు వేట లేదు, లైసెన్సు ఉన్నవాళ్ళు కాల్చుకునే రేంజ్‌లో కాగితం మీద కాల్చడమే. మొదటి గుండు గురిలో పడేది. తర్వాతవి ఎడమకు, పైకి జరిగిపోయేవి. కొన్ని రోజులు మొదటిదే ఎటో పోయేది. ముసలాయన చూపు పోయిందని రేంజ్‌లో గుసగుసలు. కొడుక్కి అది తలవంపు. చెక్కను సగానికి కోసేస్తే గొట్టం స్వేచ్ఛగా ఉంటుంది, రోగం పోతుందని ఆయనకు ఎవరో చెప్పారు. నిజమే, పోతుంది. కాలినొప్పికి కాలు తీసేసినా నొప్పి పోతుంది.

బాబా కొడుక్కి మాట ఇచ్చేశాడు. వారం ఆఖర్లో రేంజ్‌కు పోతాం, అప్పుడు కూడా చెదిరితే కోసెయ్యండి అన్నాడు. కోసేది నేనేనని కొడుకు మా సూపర్‌వైజర్‌తో చెప్పాడు. సూపర్‌వైజర్ గోదావరి జిల్లా మనిషి, ఆదివారాలు డ్యూటీ పడి, సెలవు రోజైన శుక్రవారం చర్చికి పోయేవాడు.

"సార్, నేను దాన్ని కొయ్య" అన్నాను.

"ఏంటయ్యా కొయ్యవు? నీ తుపాకీయా?"

"ఆయినెది. ఆయినె కొయ్యమంటలేడు."

"పెద్దబ్బాయిగారు చెప్పింది చెప్పినట్టు చేసేస్తే పోయేదానికి నీకెందుకయ్యా ఈ తలనొప్పి? నిన్ను సైటుకి పంపెయ్యమంటే నేనేం అడ్డుకోలేను, ముందే చెప్తున్నాను."

"పంపుండ్రి సార్."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన భయం ఆయనది. నాకూ భయం ఉంది, కానీ దాన్ని ఆయన ముందు పెట్టదలచుకోలేదు.

బాబా, నేను కలిసి వెతకడం మొదలుపెట్టాం. కింద రెండు స్క్రూలు వదులయ్యాయేమోనని సరిచేశాం. మూతి దగ్గరి టోపీ స్క్రూ విప్పి మళ్ళీ బిగించాం. గురి చూసే ముక్క కదులుతోందేమోనని బాబా అనుమానించాడు, కదలడం లేదు. గొట్టానికీ చెక్కకూ మధ్య సన్నటి కాగితం పెట్టి లాగి చూశాను. మూతి నుంచి లోపలి దాకా సాఫీగా జారింది. అంటే చెక్క ఎక్కడా గొట్టాన్ని పట్టుకోవడం లేదు. మరి రోగం ఎక్కడ? ఇద్దరం మజ్లిస్‌లో ఏసీ కింద తలలు పట్టుకుని కూర్చున్నాం. ఆయన గావా, అదే వాళ్ళ కాఫీ, పోశాడు, నేను తాగాను.

అంతలో దసరా వచ్చింది. అక్కడ దసరాకు సెలవేముంటుంది? బస్సు మామూలుగానే వచ్చింది, నేనూ మామూలుగానే ఎక్కాను. కానీ నా సంచిలో కుంకుమ ఉంది. ఆ ఇంటి పెరట్లో పనిముట్ల షెడ్డు, దాని పక్కనే ఒక ముళ్ళచెట్టు. వాళ్ళు దాన్ని గాఫ్ అంటారు, ఆకు తుంచి చూస్తే మన జమ్మి. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు పక్కన నా పనిముట్లు ఉన్నాయని తెలిశాక, ఆరోజు వాటితో పని చేయించడం నావల్ల కాదు. ఉలి, రంద, రంపం, సుత్తి కడిగి షెడ్డులో బల్ల మీద వరసగా పేర్చి బొట్లు పెట్టాను. విప్పి చూద్దామని ముందురోజు షెడ్డుకు తెచ్చిన తుపాకీ కూడా ఆ వరసలోనే ఉంది. వేలు ఆగలేదు, దాని చెక్కకూ ఒక బొట్టు పెట్టింది.

బాబా వచ్చి చూశాడు. ముఖం గట్టిపడింది.

"ఇదేంటి?"

"ఇయ్యాల మా దసరా బాబా. పనిముట్లు పండుకుంటయి. ఇయ్యాల పని మాఫీ."

"ఇది నీ పనిముట్టు కాదు. నా తుపాకీ. తుడువు."

"రేపు తుడుస్త."

అలా అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆయన ఇల్లు, ఆయన దేశం, ఆయన వస్తువు. నా మీద ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఆయన జేబులోంచి రుమాలు తీసి, బొట్టును తనే నిదానంగా తుడిచాడు. నాకు అవమానంగా అనిపించింది. కోపం కూడా వచ్చింది. ఆయన వైపు నుంచి ఆయన చేసింది సరైనదేనని తెలుసు, అయినా కోపం వచ్చింది.

"నీ ఉలి మీద నీ ఇష్టం. దీని మీద కుదరదు" అన్నాడు.

"సరే బాబా. కానీ పని చెయ్య. దీన్ని కూడా ఇయ్యాల ముట్ట. ఈ బల్ల మీదున్నయన్నీ పండుకుంటయి."

రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "శుక్రవారం నమాజు వేళ నేను ఎవర్నీ పని చెయ్యనివ్వను. పడుకోనీ" అన్నాడు. తుపాకీని అక్కడే ఉంచి, షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని లోపలికి పోయాడు. నేను జమ్మి నీడలో రోజంతా ఖాళీగా కూర్చున్నాను. సూపర్‌వైజర్ ఫోన్ మీద ఫోన్ చేశాడు. పని చేయలేదనే చెప్పాను. "అయితే నీ ఖర్మ" అన్నాడు.

మర్నాడు బాబా తాళం తీశాడు. షెడ్డుకు ఏసీ లేదు. అక్టోబరులో దోహా గాలి పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. తుపాకీ చేతిలోకి తీసుకుని అలవాటుగా కాగితం పెట్టి లాగాను. మూతికి నాలుగు వేళ్ళ ఇవతల ఆగిపోయింది. మళ్ళీ లాగాను, చిరిగింది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. వానాకాలం తలుపు పట్టేసినట్టు చెక్క పట్టేసింది. ఇన్నాళ్ళూ మేం దాన్ని ఏసీలోనే పరీక్షించాం, అక్కడ అది ఎండి ఒదిగి ఉండేది. రేంజ్‌కు పోయినప్పుడల్లా ఉక్కలో తేమ తాగి ఉబ్బి గొట్టాన్ని నెట్టేది. విప్పి చూస్తే సంగతి తెలిసింది. పైన ఏళ్ళ తరబడి నూనె పట్టించి అద్దంలా ఉంచారు. లోపల గొట్టం కూర్చునే గాడి మాత్రం పచ్చి చెక్క. దానికి ఎవరూ ఏమీ పూయలేదు.

చెక్క ఎక్కడ తాకుతోందో తెలియాలంటే గొట్టానికి రంగు పూసి కూర్చోబెట్టాలి. ఊళ్ళో అయితే జాజు, ఎర్రమట్టి, వాడేవాణ్ణి. ఇక్కడ నా సంచిలో ఉన్న ఎరుపు ఒక్కటే. కుంకుమలో నూనె కలిపాను. బాబా చూశాడు.

"మళ్ళీ అదేనా?"

"ఇది పూజ కాదు బాబా, పని."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "పని అయితే యల్లా, కానివ్వు" అన్నాడు.

పూయడం, బిగించడం, విప్పడం, ఎర్రబడ్డ చోట ఉలితో రవ్వంత గోకడం. మూతి వైపు ఎరుపు అంటడం మానేసేదాకా గోకాను. ఇనుము మీది కుంకుమ తుడిచి నూనె రాశాను. గాడికి వార్నిష్ పూశాను. గొట్టం మొదట్లో మాత్రం చెక్క తాకి ఉండాలి, అందుకే అక్కడ గోకలేదు. అక్కడ అంటిన ఎర్ర మరకను తుడవాలంటే తుడవచ్చు. తుడవలేదు. దాని మీదే వార్నిష్ పూశాను. బాబా పక్కనే కూర్చుని ఉన్నాడు.

వారం ఆఖర్లో ఆయన రేంజ్ నుంచి కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచాడు. చిల్లులన్నీ అరచేయి కింద దాగాయి. కొడుకు కూడా చూశాడు. "సరే, ఉండనీ" అన్నాడు, ఫోన్ చూసుకుంటూ పోయాడు. తుపాకీ బతికింది. నేను మాత్రం పై వారం సైటుకు పోయాను. చెప్పిన మాట వినని మనిషిని ఇంటిపనిలో ఉంచరట. ఉంచకపోతే పోనీ.

మరుసటేడు దసరా నాడు సైటులో మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. బాబా.

"మా అబ్బాయి ఇవాళ రేంజ్‌కు పోదామన్నాడు. ఇవాళ అది పని చెయ్యదని చెప్పాను."

ఆరోజు నా పనిముట్లకు సెలవు లేదు, పొద్దుట్నుంచి కోస్తూనే ఉన్నాను.

"కానీ బొట్టు లేదు, గుర్తుంచుకో. నేను తుడిచేశాను" అన్నాడు.

"పైన తుడిచినవు బాబా. లోపల ఉన్నది."

"తెలుసు" అన్నాడు. "చూస్తూనే కూర్చున్నాను కదా."