వెనక సీటు లేని కారు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా మామ పోయారు. అత్త ఫోన్ చేసేటప్పటికి నేను పాన్‌గల్ పశువుల దవాఖానలో ఒక కుక్క కాలికి కట్టు కడుతున్నాను. "మీ మామ లేస్తలేడమ్మా. చాయ్ చల్లారిపాయె, లేస్తలేడు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, రోజూ ఆయన్ను లేపేటప్పుడు ఉండే విసుగే ఉంది. నాకు మాత్రం అర్థమైంది. అయినా మొదలుపెట్టిన కట్టు చివరిదాకా చుట్టి, ముడి వేసి, చేతులు కడుక్కుని బయల్దేరాను. ఎందుకలా చేశానని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. సగం కట్టు వదిలేసి వెళ్లి ఉంటే ఆయనే తిట్టేవారు.

మామ అంటే నా భర్త తండ్రి. ముప్పై మూడేళ్లు సర్కారు బస్సు నడిపారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య ఆయన తిరగని రోడ్డు లేదు. మీలో ఎవరైనా ఆ రోడ్ల మీద బస్సెక్కి, కునుకు పట్టి, దిగాల్సిన స్టేజీ దాటిపోయి కండక్టరును తిట్టుకుని ఉంటే, మిమ్మల్ని నిద్రపుచ్చింది బహుశా ఆయనే. "ఎనక కూసున్నోనికి తెల్వకుండ మలపాలె, తెల్వకుండ ఆపాలె. గదే డ్రైవింగ్" అనేవారు. బ్రేకు గురించి కూడా ఆయనది ఒకటే మాట. "బ్రేకు కాలుతోని కాదు, కంటితోని ఎయ్యాలె." నేను ఆయన దగ్గరే కారు నేర్చుకున్నాను. కాలుతో బ్రేకు కొట్టిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు వినబడేది. దానికంటే తిట్టు నయం.

కారు కథ ఆయన రిటైరయ్యాక మొదలైంది. నా ఉద్యోగం బర్రెలకు, మేకలకు సూదులు వేయడం. కుక్కలు ఆ ఉద్యోగంలో లేవు. కానీ రోడ్డు మీద కుక్కకు దెబ్బ తగిలితే ఎవరో ఒకరు నాకే ఫోన్ చేస్తారు. నెత్తురు కారే కుక్కను ఆటోవాళ్లు ఎక్కించుకోరు, వాళ్లను అని లాభం లేదు. నా స్కూటీ మీద గోనెసంచిలో పెట్టుకుని తెచ్చేదాన్ని. దారిలో రెండు పోయాయి. ఇక నా వల్ల కాదని ఒక రోజు అన్నం తినేటప్పుడు చెప్పాను. నాగర్‌కర్నూల్‌లో పంతులు ఉద్యోగం చేసే మా ఆయన, పాత చిన్న కారు ఒకటి చూద్దామన్నారు.

మామ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "నేనొక మాట చెప్త, నవ్వద్దు" అన్నారు. హైదరాబాద్ రోడ్డులో, జడ్చర్ల దాటినంక, ఎవరి కారు వాళ్లు తీసుకెళ్లి గుండ్రంగా నడుపుకునే ట్రాక్ ఒకటుందని ఫోన్‌లో చూశారట. "ముప్పై మూడేండ్లు చెయ్యెత్తినోని కాడల్ల ఆపిన. ఎవ్వరు చెయ్యెత్తని రోడ్డు మీద ఒక్కపారి నడపాలని ఉన్నది. కారు కొంటే గదానికి గూడ పనికొచ్చేది చూడండ్రి."

నేను, మా ఆయన నవ్వలేదు. అత్తే నవ్వింది. "కోడలికేమో కుక్కల బండి గావాలె, ముసలోనికేమో రేసు బండి గావాలె. ఇద్దరికీ ఒక్కటే కారంట. మంచిగున్నది" అంది.

రెండు నెలలు వెతికాం. ఆదివారం వస్తే నేను, మామ, మా కర్రి. కర్రి అంటే మా ఇంట్లో ఉండిపోయిన మూడు కాళ్ల నల్ల కుక్క. గద్వాలలో ఎత్తైన డబ్బాలాంటి కారు చూశాం. కుక్కలకు హాయిగా ఉంటుంది, నాకు నచ్చింది. కానీ మలుపులో గడ్డి బండిలా ఒక పక్కకు ఒరిగింది. అయిజలో చూసిందాని డిక్కీ వేరే గదిలా మూసి ఉంది, అందులో కుక్కను పెడితే ఊపిరాడదు. నాగర్‌కర్నూల్‌లో ఒకటి రోడ్డుకు అతుక్కుని జోరుగా పోయింది. మామ కళ్లు మెరవడం చూశాను. దాని వెనక తలుపు మాత్రం నడుమెత్తున ఉంది. నడుము విరిగిన కుక్కను అంత ఎత్తుకు లేపితే మిగిలిన ప్రాణం కూడా పోతుంది. "గిది వద్దు బిడ్డా" అని నాకంటే ముందు ఆయనే అన్నారు.

కారు చూసే పద్ధతి ఆయనది వేరు. స్టీరింగ్ ముట్టుకునేవారు కాదు. నన్ను నడపమని, తాను వెనక సీటు మడిచి, కర్రిని పక్కన పెట్టుకుని, కింద గొంతుక్కూర్చునేవారు. అమ్మేవాళ్లు వింతగా చూసేవాళ్లు. "నడిపేటోనికి అన్ని బండ్లు మంచిగనే ఉంటయ్. ఎనక కూసున్నోన్ని అడగాలె" అనేవారు. కర్రి నిలబడగలిగిందా, జారిందా, ఏసీ గాలి దాని మొహానికి తగిలిందా అని చెప్పేవారు. కుక్క జారని బండి మలుపులో కూడా జారదని ఆయన లెక్క.

చివరికి వనపర్తిలోనే, మా వీధికి రెండు వీధుల అవతల దొరికింది. తలుపు మీద సొట్ట ఉన్న చిన్న పెట్రోలు కారు. తేలికైన బండి, బ్రేకు మెత్తగా పడుతుంది, వెనక తలుపు మోకాలెత్తు నుంచి తెరుచుకుంటుంది. తెచ్చిన మర్నాడే మామ వెనక సీటు మొత్తం విప్పేశారు. "బరువు తగ్గుతది, నాకు మంచిది. జాగా అయితది, నీకు మంచిది" అన్నారు. కింద రబ్బరు చాప పరిచి, ముందు సీట్ల వెనక ఇనుప జాలీ బిగించారు. విప్పిన సీటును అరుగు మీద వేసుకుని, చివరి రోజు దాకా పొద్దుటి చాయ్ దాని మీదే తాగారు.

అత్త బయటికి వచ్చి కారు లోపలికి తొంగిచూసింది. "మరి నేను యాడ కూసోవాలె?" అంది.

"బస్సున్నది గద" అన్నారు మామ. ఆ మాటకు వారం రోజులు ఆయనకు చాయ్ ఇవ్వలేదు. నేనే ఇచ్చాను.

ట్రాక్‌కు వెళ్లిన రోజు జాలీ విప్పి, కుక్క బొచ్చంతా దులిపి, ఫినాయిల్‌తో కడిగాం. అయినా కారు తనిఖీ చేసినతను ముక్కు మూసుకున్నాడు. మామ తువ్వాలు చుట్టుకున్న తల మీద హెల్మెట్ పెట్టుకున్నారు. నేను కర్రిని పట్టుకుని కంచె పక్కన నిలబడ్డాను. ఆయన వెళ్లారు. మొదటి మలుపుకు ముందే హారన్ వినబడింది, ఇండికేటర్ వెలిగింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఇంతలో ఎదర ఒక కారు జారినట్టుంది, మలుపు దగ్గరున్న మనిషి జాగ్రత్త అని జెండా పైకెత్తి ఊపాడు. మామ బండిని ఎడమకు తీసి, ఆ మనిషికి తలుపు సరిగ్గా ఎదురయ్యేట్టు తెచ్చి ఆపేశారు.

"బండి ఖరాబైందా సార్?" అని అడిగాడట అతను.

"లేదు. నువ్వు చెయ్యెత్తితివి గద" అన్నారట ఈయన.

ట్రాక్ మధ్యలో ఆపితే వెనకొచ్చేవాళ్లు గుద్దుతారు. ట్రాక్ వాళ్లు ఇంటికి పొమ్మన్నారు. మామ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డారు. అట్లా ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. నిర్వాహకుడి దగ్గరకు వెళ్లి, ఆయన ఏం పని చేశారో చెప్పి బతిమాలాను. అతను కాసేపు మామ వైపు చూసి, మిగతా కార్లవాళ్లు భోజనాలకు పోయినప్పుడు ట్రాక్ ఖాళీగా ఉంటుంది, అప్పుడు నడుపుకోమన్నాడు.

ఈసారి ఆపలేదు. కానీ మలుపుల్లో జెండా మనుషుల దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి బయటికి పెట్టి, బొటనవేలు వెనక్కి చూపిస్తూ పోయారు. వాళ్లకు అర్థం కాలేదు. మీకు అర్థమై ఉంటుంది. బస్సు నిండిపోయి ఆపలేనప్పుడు డ్రైవర్లు చేసే సైగ అది. వెనక ఇంకో బస్సు వస్తోందని. కంచె పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. మూడో చుట్టుకు హారన్ ఆగింది. నాలుగో చుట్టుకు చెయ్యి లోపలికి పోయింది. ఇక ఇంజన్ చప్పుడొక్కటే. ఆ కారు అంత అందంగా మలుపు తిరగడం నేను మళ్లీ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చాయ్‌కు ఆగాం. ఎట్లుండె అని అడిగాను. "మంచిగుండె" అన్నారు. సగం చాయ్ తాగాక, "ఎవ్వరు చెయ్యెత్తకపోతే యాడ ఆపాల్నో తెల్వలే బిడ్డా" అన్నారు. ఆ తర్వాత నేను అడగకుండానే ఒక సంగతి చెప్పారు. ఒకనాడు సాయంత్రం, పాన్‌గల్ దగ్గర ఒక ముసలాయన చెయ్యెత్తాడట. బస్సులో జాగా ఉంది. అది చివరి ట్రిప్పు, వెనక ఏ బస్సూ లేదు. "పొద్దటి సంది నడిపి నడిపి పానం ఇసిగింది. ఎనక బస్సొస్తుందని చెయ్యి చూపిచ్చి వచ్చేసిన. తెల్లారి మొదటి ట్రిప్పుకు పోతే గాడనే కూసున్నడు. నన్ను ఏమనలే. మల్ల చెయ్యెత్తిండు, గంతే." గ్లాసు కింద పెట్టారు. "ఎనక ఏం లేదని తెలిసినోడు ఆ సైగ చెయ్యద్దు."

ఆయన మళ్లీ ట్రాక్ మాట ఎత్తలేదు. కుక్కల ఫోన్ వస్తే నాకంటే ముందు తాళాలు తీసుకునేవారు. "నువ్వు జర పండుకో, నేను నడుపుత" అనేవారు. ముందు సీట్లో నిద్రపోయి, కారు ఆగిన సంగతి తెలియక, ఆయన తట్టి లేపితే లేచిన రోజులు ఎన్నో. సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. ఆయన పోయారని తెలిసి ఇంటికి వస్తుంటే నాకు మొదట తట్టింది దుఃఖం కాదు. ఇక నన్ను పడుకోమని చెప్పేవాళ్లు లేరు, అన్నీ నేనే నడపాలి అని. అంతగా అలసిపోయి ఉన్నాను. తర్వాత మా ఆయన, సీటు మళ్లీ బిగించి కారు అమ్మేద్దాం, కుక్కల పని కొన్నాళ్లు మానెయ్ అన్నారు. సరేనన్నాను. ఆ మాట అన్నాక ఎంత తేలికైందో కూడా చెప్పాలి.

అస్థికలు బీచుపల్లి దగ్గర కృష్ణలో కలిపాం. చుట్టాలు, మా ఆయన జీపులో ముందు వెళ్లిపోయారు. మా కారులో ముందు సీట్లో అత్త కూర్చుంది, వెనక రబ్బరు చాప మీద కర్రి నిద్రపోతోంది. కారు కొన్నాక అత్త అందులో అంత దూరం రావడం అదే మొదటిసారి. పెబ్బేరు దాటి వనపర్తి రోడ్డెక్కాం. ఎండ మండిపోతోంది. రెండు రోజులుగా నాకు నిద్ర లేదు.

ఎదర రోడ్డు పక్కన ఒకామె చెయ్యెత్తి నిలబడి ఉంది. కాళ్ల దగ్గర గోనెసంచి, సంచిలోంచి బయటికి ఒక కుక్క తల. నన్ను గుర్తుపట్టిందో, కారునే గుర్తుపట్టిందో. నా చెయ్యి దానంతటదే కిటికీలోంచి బయటికి వెళ్లింది. బొటనవేలు వెనక్కి చూపించింది.

అత్త అది చూసింది. అప్పటికే కారు ఆమెను దాటింది. తర్వాత నెమ్మదిగా, "ఎనక ఎవలున్నరమ్మా?" అంది.

అద్దంలోకి చూశాను. వెనక సీటు లేని కారు కదా, జాలీ తప్ప అద్దంలో అడ్డమేమీ ఉండదు. ఆమె, ఎత్తిన చెయ్యి, ఆమె వెనక పెబ్బేరు దాకా ఖాళీ రోడ్డు. కంటితో ముందు చోటు చూసుకున్నాను. ఎడమకు తీశాను. ఆపాను.

వెనక కర్రికి తెలియలేదు, నిద్ర లేవలేదు.