రోడ్డుకు ఇవతలి పక్క

ఉదయం ఏడుంబావుకు హిందూపురం చింతపండు మార్కెట్ దగ్గర బస్సెక్కాను. ఆ బస్సుకు టికెట్టు లేదు. ముప్పై రెండేళ్ళు రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చున్న మనిషిని. చేతిలో టికెట్టు లేకుండా సీట్లో కూర్చుంటే నాకు ఎప్పుడూ ఏదో ఇబ్బందిగానే ఉంటుంది. ఆ పొద్దు అంతకు మించిన ఇబ్బంది నాకేమీ తోచలేదని ముందే చెప్పుకోవాలి.

బస్సు పెనుకొండలో జరిగే ర్యాలీకి. ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ, మగవాళ్ళు మగవాళ్ళనీ పెళ్ళి చేసుకుంటే ప్రభుత్వం ఆ పెళ్ళిని రిజిస్టరు చేయాలని కొంతమంది చాలాకాలంగా అడుగుతున్నారు. అది తేల్చాల్సింది పార్లమెంటని కోర్టు అంది. పార్లమెంటు ఏమీ తేల్చలేదు. ఆ అడిగేవాళ్ళు కొందరు పెనుకొండలో ప్రభుత్వ ఆఫీసుల ముందు కూర్చుని అర్జీ ఇవ్వబోతున్నారని తెలిసి, దాన్ని వ్యతిరేకిస్తూ ఈ ర్యాలీ పెట్టారు. గుడి, మసీదు, చర్చి కమిటీలు మూడూ కలిశాయి. రాజకీయ నాయకులు వెనక నిలబడ్డారు. వీధికో బస్సు వచ్చింది.

నాకు ఆ విషయం మీద పెద్ద పట్టింపు లేదు. మా గుడి కమిటీ కార్యదర్శి నంజుండప్ప రెండుసార్లు ఇంటికొచ్చి, "పెద్దమనుషులు ముందు వరసలో కూర్చుంటేనే సభకు నిండుతనం నారాయణప్ప సార్, మీరు కాదనొద్దు" అన్నాడు. కాదనలేదు. పైగా పెనుకొండ దాకా పోతే అక్కడినుంచి రైల్లో ధర్మవరం పోయి మా చెల్లెలు సరోజను చూసి రావచ్చు. ఆమె కోసం రెండు కిలోల కొత్త చింతపండు సంచిలో పెట్టుకున్నాను.

సరోజ నాకంటే పదమూడేళ్ళు చిన్నది. పెళ్ళి వద్దని ఇంట్లో పోట్లాడి ధర్మవరం వెళ్ళిపోయింది. పట్టుచీరలకు కుచ్చులు కట్టే పని నేర్చుకుంది. మహబూబీ అనే ఆమెతో కలిసి ఒకే ఇంట్లో ఉంటోంది. నేను ఏడాదికి రెండుసార్లు పోతాను, అన్నం తింటాను, వస్తాను. ఇంట్లో ఒకటే మంచం ఉండటం చూశాను. ఎప్పుడూ ఏమీ అడగలేదు. బంధువులు అడిగితే "స్నేహితురాలు" అని చెప్పేవాణ్ణి.

సోమందేపల్లి దాటేసరికి ఎండ కిటికీలోంచి ఒళ్ళోకి వచ్చింది. నా పక్క సీట్లో మరియమ్మ అనే కూలి పనిచేసే ఆమె కూర్చుంది.

"ఏం మీటింగు సార్ ఇది?" అని నన్నే అడిగింది.

"నీకు చెప్పలేదా?"

"పాస్టరయ్య రమ్మన్యాడు, వచ్చినా. పెండ్లిండ్ల గురించి అంట. మా పాప పెండ్లికి ఏమన్నా ఇస్తారేమో అనుకున్యా."

నేను విషయం చెప్పాను. ఆమె "దానికి ఇన్ని బస్సులెందుకప్పా" అని కళ్ళు మూసుకుంది.

ఎనిమిదిన్నరకు పెనుకొండలో దిగాము. ఉప్మా, టీ అక్కడే రోడ్డు పక్కన. తర్వాత చేతికి తలా ఒక చిన్న జెండా ఇచ్చారు. కొండ మీది కోటగోడ అప్పటికే ఎండకు తెల్లబడింది. బస్టాండు నుంచి ఆఫీసుల దాకా నడిచాము. అక్కడ రోడ్డుకు ఇవతల షామియానా, వేదిక, సోఫాలు, కూలర్లు. వేదిక మీద ఒక స్వామీజీ, ఒక మౌల్వీ, ఒక పాస్టరు పక్కపక్కన కూర్చున్నారు. ఊరేగింపు దారుల గురించీ మైకుల గురించీ వీళ్ళ మనుషులు పోలీసు స్టేషన్‌కెక్కిన రోజులు నాకు తెలుసు. ఎన్నికల్లో ఒకరినొకరు తిట్టుకునే రెండు పార్టీల నాయకులు కూడా అదే వేదిక మీద ఒకరి చెవిలో ఒకరు నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. కలిసి కూర్చోవడం మంచిదే కదా అనుకున్నాను. నన్ను ముందు వరసలో, చివరి కుర్చీలో కూర్చోబెట్టారు.

రోడ్డుకు అవతల, ప్రహరీ గోడ నీడలో వాళ్ళు కూర్చున్నారు. లెక్కపెడితే పదకొండు మంది. బెంగళూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు నలుగురైదుగురు, నల్లకోటు వేసుకున్న ఒక లాయరమ్మ, మిగిలినవాళ్ళు మామూలు మనుషులు. మధ్యలో తాడు కట్టి కానిస్టేబుళ్ళు నిలబడ్డారు. వాళ్ళకు మైకు లేదు. అట్టముక్కల మీద రాసుకొచ్చారు.

ఒక అట్ట మీద ఇలా ఉంది: "పంతొమ్మిదేండ్లు ఒకే ఇంట్లో ఉండాము. కాయితం మీద ఎవరికి ఎవరమూ కాము."

చేతిరాత గుర్తుపట్టాను. చిన్నప్పుడు పలక మీద ఆ గుండ్రటి అక్షరాలు దిద్దించింది నేనే. తర్వాత అట్ట వెనకాల ముఖం చూశాను. సరోజ. ఆమె అప్పటికే నన్ను చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

నా చేతిలో జెండా ఉంది. దాన్ని మెల్లగా కిందికి దించి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

వేదిక మీద నాయకుడు మాట్లాడుతున్నాడు. ఈ మట్టి, ఈ సంస్కృతి, మన ఆడబిడ్డలు అంటున్నాడు. వెనక నుంచి చప్పట్లు. నా పక్కన మా బస్సులోనే వచ్చిన ఇన్సూరెన్స్ ఏజెంటు రమేశ్ లేచి నిలబడి, ఫోనుతో అవతలివాళ్ళను ఒక్కొక్కరినీ దగ్గరగా చూపిస్తూ వీడియో తీస్తున్నాడు. తీస్తూనే నన్నడిగాడు:

"మీరు ధర్మవరం స్టేషన్లో చాన్నాళ్ళు చేసినారు కదా సార్. ఈ అట్ట పట్టుకున్యామె ఆ పక్క మనిషి అంటాండారు. ఎవరో తెలుసునా?"

"తెలీదు" అన్నాను.

"తెలుస్తుందిలే. గ్రూపుల్లో పెడితే గంటలో పేరొస్తాది" అని ఫోను నా వైపు తిప్పి, ముందు వరసంతా తీసుకుంటూ పోయాడు.

వద్దు అని ఉంటే ఆగేవాడే. నా మాట మీద అతనికి గౌరవముంది. నేను అనలేదు.

పన్నెండింటికి లాయరమ్మ లోపలికి పోయి అర్జీ ఇచ్చి వచ్చింది. అప్పటికి జనం తాడు దగ్గరికి వచ్చేశారు. ఏదో ఒకటి జరుగుతుందని ఇన్‌స్పెక్టరు పదకొండు మందినీ వ్యాను ఎక్కమన్నాడు. వాళ్ళు మాట్లాడకుండా ఎక్కారు. సరోజ చివర ఎక్కింది. మెట్టు మీద కాలు పెట్టి ఒకసారి వెనక్కి చూసింది. మా వైపు మైకులో జాతీయగీతం మొదలైంది. అందరితో పాటు నేనూ లేచి నిలబడ్డాను.

భోజనానికి పులిహోర పొట్లాలు పంచారు. నా పొట్లం మరియమ్మకు ఇచ్చాను. సాయంత్రం బస్సుకు రానని నంజుండప్పకు చెప్పి, షేర్ ఆటోలో స్టేషనుకు పోయాను. ధర్మవరం టికెట్టు తీసుకుని రెండు యాభైకి ప్యాసింజరు ఎక్కాను. రైలు దాదాపు ఖాళీ. నాకెదురుగా ఒక నడివయసు ఆమె, ఆమె భర్త. పుట్టపర్తి స్టేషన్ దాటాక ఆయన ఫోన్లో మైకు గొంతు వినిపించింది. ఉదయం నేను విన్న ప్రసంగమే.

ఆమె ఫోన్లోకి తొంగి చూసి, "ఈయమ్మ మన సరోజక్క కదా. పాప పెండ్లి చీరలకు కుచ్చులు కట్టింది ఈమే" అంది.

"ఆమేనా?"

"ఆమే. మంచి మనిషి. దుడ్లు తర్వాత ఇచ్చినా ఏమనేది కాదు."

"మంచిదైతే ఏం, ఇట్ల రోడ్డు మీదికి రావల్నా?" అన్నాడు భర్త. ఆ వీడియో ఇంకెవరికో పంపాడు.

ఆయన ఫోను ఎత్తి పట్టుకుంటే అందులో నేనెక్కడ కనబడతానోనని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బయట ఎండిన వేరుశనగ చేలు, రాళ్ళు, మళ్ళీ చేలు. ఆ దారిలో స్టేషన్లన్నీ నాకు నోటికి వచ్చు. ఆ రోజు ఏది ఎప్పుడు దాటామో తెలియలేదు.

నాలుగు దాటాక ధర్మవరంలో దిగాను. రైలుగేటు అవతలి సందులో వాళ్ళిల్లు. మహబూబీ గడపలో కూర్చుని రాట్నం మీద పట్టు దారం కండెలకు చుడుతోంది. నన్ను చూసి లేచి నీళ్ళిచ్చింది.

"సరోజ పెనుకొండకు పోయినాది అన్నా. నేనూ పోదామనుకున్యా. మా అన్న మసీదు కమిటీలో ఉండాడు, వేదిక కాడికి వస్తాడేమో అని ఆమే వద్దనింది. పోలీసు స్టేషన్లో కూచోబెట్టి ఇడిసిపెట్టినారంట. బస్సులో వస్తాండాది."

"అట్లనా" అన్నాను. నేనెక్కడి నుంచి వస్తున్నానో ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. చింతపండు సంచి ఆమె చేతికిచ్చాను.

టీ తాగుతుండగా ఇంటి ఓనరు రంగమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడింది.

"మహబూబీ, ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయండమ్మా. నా ఇంట్లో పన్నెండేండ్లు ఉండారు, ఒక్క మాట అన్ల్యా. ఇప్పుడు వీధంతా ఫోన్లు చూపిస్తాండారు. నా కొడుకులు ఊరుకోరు."

మహబూబీ చేతిలో కండె అలాగే ఉండిపోయింది. నేను లేచాను.

"నేను సరోజ అన్నను అమ్మా. ఏమన్నా ఉంటే నాతో మాట్లాడండి. అవి ఎవరో పనిలేనివాళ్ళు తీసిన వీడియోలు."

రంగమ్మ నా ముఖం కేసి చూసింది. చేతిలో ఫోను దూరంగా పెట్టి చూసుకుని, మళ్ళీ నన్ను చూసింది.

"ఈ కుర్చీలో కూచున్నది మీరే కదా సార్. తోడబుట్టినోళ్ళు మీరే ఆ పక్కన కూచుంటే, నాతో ఏం మాట్లాడతారు?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. ఆమె వెళ్ళిపోయింది. మహబూబీ నా వైపు చూడకుండా టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

సరోజ ఐదున్నరకు వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు విడిచి, మంచం అంచున కూర్చుని, "తిన్యావా అన్నా?" అంది.

"నువ్వు వస్తావని నాకు తెలీదు సరోజా."

"తెలిసింటే ఏం చేసేవాడివి? నువ్వు రాకుండా ఉండేవాడివా, నన్ను రావద్దనేవాడివా?"

నేను లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాను.

"నువ్వు బస్సెక్కినందుకు నాకేం బాధ లేదు. వాళ్ళు పిలిచినారు, వచ్చినావు. నన్ను చూసినాక జెండా దించినావు గానీ లేచి రాలేదు. రోడ్డు దాటేకి ఎంతసేపు పడ్తుంది అన్నా?"

మహబూబీ ఇల్లు ఖాళీ చేయమన్న సంగతి చెప్పింది. సరోజ విని, "ఇదీ అయిపాయె" అంది. ఉన్నట్టుండి ఆమె ముఖం మా అమ్మ ముఖంలా ముసలిదైపోయింది. నాకు ఏదో ఒకటి చేయాలనిపించింది.

"మిద్దె మీద గది ఖాళీగానే ఉంది. హిందూపురం వచ్చేయి" అన్నాను.

"ఇద్దరమూ రావచ్చునా?"

గుడి కమిటీ గుర్తుకొచ్చింది. కోడలు గుర్తుకొచ్చింది. కింది వాటాలో ఉన్నవాళ్ళు గుర్తుకొచ్చారు. ఒక నిమిషం కూడా పట్టి ఉండదు. ఆ నిమిషంలోనే సరోజ లేచి వంటింట్లోకి పోతూ, "వద్దులే అన్నా" అంది.

ఏడింటి రైలుకు మహబూబీ ఆటో మాట్లాడి తనూ ఎక్కింది. స్టేషన్ పక్క వీధిలో ఒక ఇల్లు ఖాళీ ఉందని ఎవరో చెప్పారట, అడిగి చూడాలంది. నేను టికెట్టు తీసుకునేదాకా ఉండి, "ఈసారి వచ్చేటప్పుడు ఫోన్ చేసి రాండన్నా. మేము యాడ ఉంటామో" అని చెప్పి వెళ్ళింది.

తిరుగు ప్రయాణంలో రైలు పెనుకొండ దాటాక నంజుండప్ప ఫోన్ చేశాడు. సభ బాగా జరిగిందని నాయకులు మెచ్చుకున్నారట. వచ్చే వారం కదిరిలో ఇంకోటి ఉందట.

"ముందు వరసలో మీరుండల్ల సార్."

"నేను రాను."

"ఏం సార్, ఒంట్లో బాగలేదా?"

"వీడియోలో ఆ అట్ట పట్టుకున్నామె నా చెల్లెలు. సొంత చెల్లెలు."

నంజుండప్ప గొంతు తగ్గించి అన్నాడు: "సరే సార్. ఈ మాట నాతో అన్నారు, ఇంకెవరితోనూ అనొద్దండి. నేనూ ఎవరితోనూ అనను."

అతను నా మేలు కోరే అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా నేను సరోజకు చేస్తూ వచ్చిన మేలు కూడా అదే. తొమ్మిది దాటాక హిందూపురంలో దిగి, టికెట్టు గేటు దగ్గర ఇచ్చేయబోయి, ఇప్పుడు అడిగేవాళ్ళు ఎవరూ లేరని గుర్తొచ్చి బయటికి నడిచాను.

ఈ ప్రయాణం గురించి రాయాలనుకుంటున్నానని మొన్న సరోజకు ఫోన్ చేసి అడిగాను. వాళ్ళకు ఇంకా ఇల్లు దొరకలేదు. అడిగిన ప్రతిచోటా ముందు సరేనని, సాయంత్రానికి వద్దంటున్నారట.

"రాసుకో అన్నా. నా పేరు రాసినా ఏం లేదు, అందరికీ తెలిసిపాయె" అంది. "నువ్వు ఏ పక్కన కూచున్యావో అది కూడా రాయి."

రాశాను.