పట్టుదారం చుట్టిన వైరు

నా చిన్నప్పటి మాట ఒకటి చెప్పాలి. దానికి ముందు, మొన్న వచ్చిన కబురు చెప్పకుండా ఉండలేను. నేను డిగ్రీ పాసయ్యాను. నలభై ఎనిమిదేళ్లకు, దూరవిద్యలో, బీఎస్సీ. మా వంశంలో డిగ్రీ పరీక్ష రాసిన మొదటి మనిషిని నేనే. వీధిలో ఎదురైన వాళ్లందరికీ చెప్పాను. కూరగాయల బండి ఆమెకు రెండుసార్లు చెప్పాను. నాయనకు చెప్పినప్పుడే ఆ పాత సంగతి మళ్లీ లేచింది.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. నాకు పదకొండేళ్లప్పుడు నాయన మగ్గం వదిలేసి, పాత డీజిల్ కారు ఒకటి కొని బాడుగకు తోలేవాడు. చేతులు మాత్రం నేతగాడివే. ఒకసారి బ్యాటరీ నుంచి ఇంజనుకు పోయే ఎర్త్ వైరు తెగితే, తెగిన పోగును అతికినట్టే రెండు కొనల్నీ మెలిపెట్టి, పైన పట్టుదారం బిగించి చుట్టి, టేపు వేశాడు. "అతుకు యాడుండాదో చెప్పు పాపా" అని నాకు చూపించి మురిసిపోయాడు. ఎంత తడిమినా నా వేలికి తగల్లేదు.

కొన్ని నెలలకు కారు మొరాయించసాగింది. తాళం తిప్పితే టక్కుమనేది, లైట్లు మసకబారేవి. అందరూ బ్యాటరీ అన్నారు. కొత్తది వేయిస్తే నాలుగు రోజులు బాగుండి, మళ్లీ అదే వరస.

ఆ వేసవిలో తన తల్లిని, మా అవ్వనూ నన్నూ ఎక్కించుకుని నాయన సోమందేపల్లిలో బంధువుల ఇంటికి వెళ్లాడు. మధ్యాహ్నం అన్నం తిని లేస్తూనే అవ్వ రొమ్ము పట్టుకుని కూలబడింది. పెనుకొండ ఆసుపత్రి ఎంతో దూరం లేదు. వెనక సీట్లో పడుకోబెట్టాం, తల నా ఒళ్లో. నాయన తాళం తిప్పాడు. టక్. మళ్లీ తిప్పాడు. టక్. బండి ముందంతా ఎగువ. మనుషుల్ని కేకేసి, వెనక్కి తోయించి, పల్లానికి తిప్పి, తోస్తూ తోస్తూ ఇంజను అందుకునేసరికి చాలాసేపయింది. ఆసుపత్రి చేరకముందే నా ఒళ్లో అవ్వ తల బరువు మారిపోయింది.

అవ్వ దినాలు అయ్యాక హిందూపురం నుంచి మా మామ వచ్చాడు. అమ్మ తమ్ముడు, కార్ల మెకానిక్కు. నాయన గడప మీదే కూర్చుని "బ్యాటరీ మోసం చేసిండాది" అంటున్నాడు. మామ ఒక బల్బును నేరుగా బ్యాటరీకి తగిలించి, నన్ను చూస్తుండమని తాళం తిప్పాడు. ఇంజనును తిప్పే స్టార్టరు టక్కుమంది, బల్బు వెలుగు మాత్రం తగ్గలేదు.

"బ్యాటరీలో బలముండాది పాపా. అది పోయే దారిలో యాడో అడ్డం పడిండాది."

లావు వైరొకటి బ్యాటరీ నుంచి నేరుగా ఇంజనుకు పట్టించి, ఈసారి నన్ను తిప్పమన్నాడు. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది.

తర్వాత పాత వైరు కోసి తీసి, టేపు విప్పి, పట్టుదారాన్ని ఒక పక్క చీల్చాడు. లోపల రాగి అంతా పచ్చగా చిలుం పట్టి ఉంది. మామ నా ముఖంలోకి చూశాడు. అడ్డం పడింది నాయన అతుకులోనేనని నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసింది.

"ఏమైండాదప్పా?" గడప మీది నుంచి నాయన అడిగాడు.

"స్టార్టరు కాలిపోయిండాది బావా. అది ఎవురి చేతిలోనూ ల్యా."

నాతో మాత్రం గొంతు తగ్గించి, "బండికేమైందో ఈ పొద్దే కనుక్కోవాల. మనిషికి చెప్పేదానికి పొద్దు చూసుకోవాల" అన్నాడు. కొత్త వైరు బిగించి వెళ్లిపోయాడు. ఆయన పారేసిన ముక్కను నేను దాచుకున్నాను.

మొన్న ఫలితం చెబితే నాయన "ఏం సదివినావమ్మా?" అన్నాడు. కరెంటు సంగతి అన్నాను. సంతోషంలో నోరాగక, వైరులో ఒకచోట అడ్డుంటే ఎంత మంచి బ్యాటరీ అయినా ఇంజనును తిప్పలేదని చెబుతూ చటుక్కున ఆగిపోయాను.

నాయన గోడవైపు చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు మీ మామ స్టార్టరు మార్చనే ల్యా. వారానికే చూసినా, పాతదే ఉండె. వైరొకటే కొత్తది."

"మరి ఇన్నేండ్లూ అడగలేదే నాయనా?"

"నా కోసరం చెప్పిన అబద్ధం. దాన్ని యాడ ఇప్పేది?"

పెట్టెలోంచి ఆ ముక్క తెచ్చి చేతిలో పెట్టాను. చీలిన దారం మీద బొటనవేలు ఆనించి అతుకు కోసం తడిమాడు.

"పని బాగానే చేసినా కదమ్మా."

"బాగానే చేసినావు నాయనా."

ఏది చెడినా ముందు ఎవరినో అనేయకుండా, మామ బల్బు పెట్టినట్టు ఒక్కో చోటా చూసుకుంటూ పోవడం నాకు ఆ రోజే అబ్బింది. తెలిసిన నిజం ఏ పొద్దు చెప్పాలో మాత్రం ఇప్పటికీ తడుముకుంటాను. పట్టా ఇంకా చేతికి రాలేదు. వస్తే పెట్టెలో ఆ ముక్క పక్కనే పెడతాను.